మగ సార్లు మిగిలిన చోటు

అమెరికా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో నూటికి 11 మందే మగ టీచర్లు. మన మార్కాపురం వైపు దోర్నాల, అర్ధవీడు మండలాల్లో సారు లేని సర్కారు బడి అరుదు. ఈ తేడాకి సంప్రదాయమే కారణమంటారు. నాకైతే జీతం కారణమనిపిస్తుంది.

మొదట్లో సంప్రదాయమే, కాదనను. 1800లో దత్తమండలాలు కుంపినీ చేతికి చిక్కాక ఈ కంభం సీమ కడప జిల్లాలో ఉండేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క తీయమన్నాడు. 1826 నాటికి మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. అందులో ఆడపిల్లలు 5 వేలు కూడా లేరు. అలాంటప్పుడు పాఠం చెప్పేదీ మగవాళ్లే. వీధిబడి అయ్యవారికి స్థిరమైన జీతమంటూ లేదు. పిల్లలు కట్టే కొద్దిపాటి ఫీజు, కళ్లాల రోజుల్లో నాలుగు గింజలు, దసరాకి పిల్లల్ని వెంటేసుకుని గడప గడపా తిరిగితే దక్కే మామూళ్లు. అంతే. ఇసకలో వేలు పట్టి దిద్దించడం, మాట వినని వాడిచేత కోదండం వేయించడం ఆయన పని.

1858లో కంభం, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. 1876-78 కరువు తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషన్ కంభంలో స్థిరపడి, అయ్యవారు అడుగుపెట్టని పేటల్లో బడులు తెరిచింది. అక్కడా పాఠం చెప్పింది ఎక్కువగా మగవాళ్లే. తమాషా ఏమంటే, ఆ దొరల సొంత దేశంలో అప్పటికే చిన్న పిల్లల చదువు ఆడవాళ్ల చేతికి పోయింది. 1900 నాటికి అక్కడి ప్రభుత్వ బడుల టీచర్లలో నూటికి 70 మంది స్త్రీలే. ఊరూరా బడి పెట్టాలంటే ఖర్చు. ఆడవాళ్లు మగవాళ్లకంటే చాలా తక్కువ జీతానికి దొరికేవారు. మగవాళ్లకేమో ఫ్యాక్టరీలూ రైళ్లూ కొత్త భూములూ ఉన్నాయి.

మనకి ఆ రెండూ, చదువుకున్న ఆడవాళ్లూ మగవాళ్లకి వేరే ఉపాధీ, లేవు. 1951లో దేశంలో స్త్రీల అక్షరాస్యత 8.86 శాతం. ప్రాథమిక బడుల్లో 100 మంది మగ టీచర్లకి 20 మంది ఆడ టీచర్లు. ఇక ఈ మెట్టలో మగపిల్లాడు పది పాసైతే ఎక్కడికి పోతాడు? వానని నమ్ముకున్న చేను, లేకుంటే పలకల గనిలో దుమ్ము. 1959లో పంచాయతీ సమితులొచ్చి ప్రాథమిక బడులు వాటి కిందికి వెళ్లాక, సమితి టీచరంటే ఒకటో తారీకున చేతికి డబ్బందే మనిషి. పెళ్లి సంబంధాల్లో ఆ మాటకున్న విలువ ఎకరాలకి లేదు. 1970లో ఈ సీమ కూడా కలిసి ప్రకాశం జిల్లా పుట్టింది. తర్వాతి తరం టీటీసీ కోసం మైనంపాడు డైట్‌కి వెళ్లింది. ఇక్కడ బడిపంతులుద్యోగాన్ని మగవాడు వదలకపోవడానికి పిల్లల మీద ప్రేమ ఒక్కటే కారణమని నేననను.

1984లో రాష్ట్ర ఉద్యోగాల్లో స్త్రీలకి 30 శాతం కేటాయింపు వచ్చింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, ఏకోపాధ్యాయ బడికి రెండో టీచరుగా వీలైతే స్త్రీనే వేయమంది. డీఎస్సీ తర్వాత డీఎస్సీ వచ్చి మేడములు పెరిగారు. 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద, అన్ని తరగతుల టీచర్లనీ కలిపితే స్త్రీలు 54 శాతం. కానీ బదిలీల జాబితాలో నాలుగో కేటగిరీ ఊళ్లున్నాయి చూశారా, సరైన దారి లేనివి, ఎక్కువ పాయింట్లు ఇచ్చేవి. నల్లమల అంచున చెంచు గూడేలకి పొద్దున్నే వెళ్లే బస్సుండదు, అద్దెకి గదుండదు. అక్కడికి మోటారు సైకిలున్న సారే వెళ్తాడు, పాయింట్లు కూడగానే మార్కాపురం వైపు దిగుతాడు.

అసలు అమెరికాని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు టౌన్లలో ఏ ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూలుకైనా వెళ్లండి. నర్సరీ నుంచి అయిదు దాకా దాదాపు అందరూ మేడములే, డిగ్రీలూ బీఈడీలూ చేసినవాళ్లే. జీతం సర్కారు టీచరు దరిదాపుల్లో ఉండదు. మగవాళ్లు కరస్పాండెంటు కుర్చీలోనో, స్కూలు బస్సు స్టీరింగు ముందో కనపడతారు.