సుత్తి చేతిలో ఉన్నంతసేపే

నార్వే సముద్రతీరం. కాళ్ల కింద తడి రాళ్లు జారుతున్నాయి. మీ పేరు డొనాల్డ్ బ్లేక్. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన డాక్టరు. బక్కపలచని మనిషి. ఒక కాలు అవిటిది, చేతికర్ర ఊనందే అడుగు పడదు.

ఊళ్లో ఒక ముసలి జాలరి మాటలు విని అందరూ నవ్వారు. ఆకాశంలోంచి ఓడ దిగిందట, అందులోంచి రాతిమనుషులు వచ్చారట. మీరు నవ్వలేదు, అలాగని నమ్మనూ లేదు. నిజమేమిటో చూసొద్దామని బయల్దేరారు. ఇప్పుడు ఒక బండ చాటున నక్కి చూస్తున్నారు.

జాలరి అబద్ధం చెప్పలేదు.

ఎదురుగా ఓడ ఉంది. దాని చుట్టూ తిరుగుతున్న వాళ్లకు చర్మం లేదు. ముఖం రాయి, భుజం రాయి, వేళ్లు రాయి. శనిగ్రహం నుంచి వచ్చారు, భూమిని ఆక్రమించుకోవడానికి. చేతుల్లో ఆయుధాలున్నాయి. ఈ వార్త ఎవరికైనా చెప్పాలి. చప్పుడు చేయకుండా వెనక్కి అడుగేస్తారు.

పాదం కింద ఎండుపుల్ల.

టప్.

తలలన్నీ మీవైపు తిరుగుతాయి.

పరుగు. మీ కాలికి పరుగు చేతకాదు. అయినా పరుగే. కర్ర జారిపోతుంది. వంగి తీసుకోవాలా? టైం లేదు. వదిలేయండి. వెనక రాళ్లు నలుగుతున్న శబ్దం. దగ్గరవుతోంది. కుడివైపు కొండలో ఒక గుహ. దూరండి.

లోపల చీకటి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడతారు. అడుగుల చప్పుడు గుహ ముందు నుంచి దాటిపోతుంది. వచ్చిన దారిన వెళ్తే దొరికిపోతారు. అవతలి వైపు మరో దారి ఉంది గానీ, దానికి అడ్డంగా పెద్ద బండ. భుజం ఆనించి తోస్తారు. కదలదు. మళ్లీ తోస్తారు. అరిచేతులు గీరుకుపోవడమే తప్ప ఫలితం లేదు. ఓపిక అయిపోయి గోడకు చేరగిలబడతారు.

గోడ జరుగుతుంది.

వెనక ఒక చిన్న గది. అందులో బంగారం లేదు, కత్తీ లేదు. ఒక పాత కర్ర ఉంది, అంతే. మీకు కావలసిందీ అదే. దాన్ని బండ కిందకి దూర్చి గడ్డపారలా ఎత్తుతారు. బండ ఉన్నచోటే ఉంటుంది. ఇంతదూరం వచ్చి ఈ రాయి ముందు చచ్చిపోవాలా? ఒళ్లు మండి, ఆ కర్రతోనే బండను ఒక్కటి వేస్తారు.

మెరుపు.

కళ్లు తెరవగానే ముందుగా తెలిసేది కాలు. నొప్పి లేదు. రెండు పాదాల మీదా సమానంగా బరువు పడుతోంది. ఏళ్ల తరబడి ఒక పక్కకు ఒరగడం అలవాటైన నడుము నిటారుగా నిలిచింది. ఆ తర్వాతే మిగతావి కనిపిస్తాయి. భుజాల మీద పడుతున్న బంగారు రంగు జుట్టు, వెనక ఎర్రటి వస్త్రం, తల మీద రెక్కల శిరస్త్రాణం. చేతిలో కర్ర లేదు. దాని చోట బరువైన సుత్తి, పొట్టి పిడి. సుత్తి పక్కన అక్షరాలు చెక్కి ఉన్నాయి. అర్హత గలవాడు దీన్ని పట్టుకుంటే థోర్ శక్తి అతనిది అని వాటి సారాంశం.

ఎవరీ థోర్? వజ్రాయుధం పట్టిన ఇంద్రుడు మనకెలాగో, పూర్వం నార్వే, ఐస్‌లాండ్ వాళ్లకు థోర్ అలాగ. ఉరుములకు దేవుడు. మరుగుజ్జులు ఆ సుత్తిని తయారుచేస్తుంటే లోకి అనే టక్కరి ఈగ రూపంలో వచ్చి కుట్టాడనీ, అందుకే పిడి పొట్టిగా వచ్చిందనీ పాత కథ. ఆ కథల్లో థోర్‌కు ఎర్రగడ్డం ఉంటుంది. మీ గడ్డం మాత్రం నున్నగా ఉంది.

ఇప్పుడు మీరు డాక్టరు బుద్ధితో ఒక పని చేస్తారు. పరీక్ష. సుత్తి నేల మీద పెట్టి ఆగుతారు. పది సెకన్లు, ఏమీ కాలేదు. ముప్పై, ఇంకా దేవుడే. యాభై. 60.

మోకాలు మడతపడుతుంది. నడుము మళ్లీ పక్కకు ఒరుగుతుంది. నేల మీద సుత్తి లేదు, ముడుల కర్ర ఉంది. మీరు బ్లేక్.

ఒక్క నిమిషం. చెయ్యి విడిస్తే మిగిలేది అంతే. ఇది తెలిశాక కూడా బయటికి వెళ్లాలా? ఎవరూ అడగలేదు. గుహలో తెల్లారేదాకా దాక్కున్నా మిమ్మల్ని తప్పుపట్టేవాళ్లు లేరు. వంగి కర్ర అందుకుంటారు. కొడతారు. ఈసారి బండను ఎత్తి పక్కన పెడతారు.

బయట వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆయుధాలు మీవైపే. సుత్తి విసురుతారు. చేయి ఖాళీ. లెక్క మొదలు. ఒకటి. రెండు. తిరిగొచ్చింది. పట్టుకున్నారు. వాళ్లు యంత్రభూతాన్ని వదిలారు. అది మీకన్నా ఎత్తు. మీదికొస్తోంది. విసరండి. ఒకే దెబ్బ. ముక్కలు.

రాతిమనుషులు ఓడెక్కి పారిపోతారు. మీరు సుత్తిని నేలకు ఒకసారి తాటిస్తారు, మళ్లీ బ్లేక్ అవుతారు. లోకాన్ని కాపాడింది ఎవరో ఎవరికీ తెలియదు. తీరం మీద కుంటుకుంటూ ఒక డాక్టరు వెళ్తున్నాడు.

మిమ్మల్ని ఈ గుహలోకి తోసినవాళ్లు అమెరికాలో ముగ్గురు. కథ స్టాన్ లీ, మాటలు ఆయన తమ్ముడు లారీ లీబర్, బొమ్మలు జాక్ కర్బీ. ‘జర్నీ ఇన్‌టు మిస్టరీ’ అనే కామిక్స్ పత్రిక 83వ సంచిక, ముఖచిత్రం మీద 1962 ఆగస్టు, వెల 12 సెంట్లు. అదే నెల తేదీతో ఇంకో పుస్తకంలో స్పైడర్‌మ్యాన్ పుట్టాడు. ఆ పుస్తకాలు వేసిన కంపెనీ వీరుల్లో చాలామంది ఆ ఏడాది ఏదో ఒక లోపంతోనే పుట్టుకొచ్చారు. వాళ్లందరిలో నాకు బ్లేక్ అంటేనే ఎక్కువ ఇష్టం. అతనికి శక్తి ఒంట్లోకి ఎక్కలేదు, చేతికి మాత్రమే వచ్చింది.

1968లో రచయితలు మాట మార్చారు. బ్లేక్ మనిషే కాదట. పొగరుబోతు కొడుక్కి అణకువ నేర్పడానికి తండ్రి ఓడిన్ అతని జ్ఞాపకాలు తుడిచేసి కుంటి డాక్టరుగా భూమికి పంపాడట. తన బలం తానే మరిచిన హనుమంతుడికి జాంబవంతుడు గుర్తుచేసిన ఘట్టం తెలిసినవాళ్లం కాబట్టి మనకిది కొత్తగా అనిపించదు. కానీ నా మట్టుకు దీనితో కథ చిక్కిపోయింది. దేవుడు దేవుడయ్యాడంటే అందులో ఏముంది? చేతికర్ర పోగొట్టుకున్న మామూలు మనిషి బండను కొట్టడంలోనే అసలు కథ ఉంది.

ఆ మనిషి 2014లో మళ్లీ వచ్చాడు, ఈసారి ఆడమనిషిగా. జేసన్ ఆరన్ రాయగా రస్సెల్ డాటర్‌మన్ గీసిన కథ. ఇప్పుడు మీరు జేన్ ఫాస్టర్, ఒకప్పుడు బ్లేక్ దగ్గర నర్సు. మీకు రొమ్ము క్యాన్సర్. కీమో మందు ఒంట్లోకి ఎక్కుతోంది. జుట్టు రాలిపోయింది. ఎక్కడో సుత్తి పిలుస్తోంది. దాన్ని పట్టుకుంటే మీరు థోర్. కానీ ఆ మార్పు ఒంట్లోని విషాలన్నిటినీ కడిగేస్తుంది. కీమో మందు కూడా దానికి విషమే. క్యాన్సర్ మాత్రం మీ ఒంటిదే కాబట్టి అలాగే ఉంటుంది. సుత్తి వదిలిన ప్రతిసారీ మీరు ముందుకన్నా జబ్బుగా తేలుతారు. అవతల జనం చచ్చిపోతున్నారు.

ఎత్తుతారా?

ఆమె ఎత్తుతుంది. మళ్లీ మళ్లీ ఎత్తుతుంది.

సినిమాల్లో చూసిన థోర్‌తో ఆగిపోకండి. ఈ రెండు కథలూ వెతికి, వరుసగా చదవండి. మొదటిదాంట్లో యుద్ధం పేజీలు త్వరగా తిప్పేసినా నష్టం లేదు. బ్లేక్ సుత్తి కింద పెట్టే చోట మాత్రం ఆగి, 60 దాకా లెక్కపెట్టండి.