రెడ్ లయన్ రేడియో తగువు

నూజివీడులో రసాలు కోతకొచ్చే రోజుల్లో మా బాబాయి ఫోన్ చేస్తే ముందు ఆ రోజు ధర చెబుతాడు. తర్వాత "రేపటికి ఇంకా పడిపోద్దిరా" అంటాడు. మొదటిది కాటా దగ్గరి మాట, రెండోది ఆయన బుర్రలో లెక్క. వినేవాళ్లకు ఏది ఏదో తెలుసు. టీవీ ముందు కూర్చుంటేనే ఆ తేడా అందదు. "మీ అమెరికాలోనైనా వార్త వార్తలాగే చెప్తారంట్రా?" అని మొన్న అడిగాడు.

ఒకప్పుడు చెప్పారు. ఇక్కడి చట్టం ప్రకారం స్టేషన్‌కు ఉండేది లైసెన్సే తప్ప తరంగాల మీద సొంత హక్కు కాదు. బోస్టన్‌లో ఓ స్టేషన్ తన అభిప్రాయాలు వినిపించిందని 1941లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మందలించింది. 1949లో కాస్త మెత్తబడి, అభిప్రాయం చెప్పుకోండి గానీ అవతలి పక్షానికీ చోటివ్వండి అంది. దాన్నే ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అన్నారు.

ఆ రూలుకు అసలు పరీక్ష పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే చిన్న ఊళ్లో ఎదురైంది. 1964లో అక్కడి డబ్ల్యూజీసీబీ స్టేషన్లో బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మతప్రచారకుడు పావుగంట కార్యక్రమంలో ఫ్రెడ్ కుక్ అనే రచయితను దులిపేశాడు. కుక్ చేసిన నేరం, రిపబ్లికన్ నేత గోల్డ్‌వాటర్‌ను విమర్శిస్తూ పుస్తకం రాయడం. జవాబు చెప్పుకోవడానికి సమయమివ్వండని కుక్ అడిగితే స్టేషన్ తన రేట్ల కార్డు పంపింది! తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టేషన్ యజమాని హక్కు కన్నా శ్రోతల హక్కే పెద్దదని 1969లో జడ్జీలంతా ఒక్కమాటగా తేల్చారు. మన సుప్రీంకోర్టు 1995లో తరంగాలు ప్రజల ఆస్తి అన్నప్పుడు, మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తన విడి తీర్పులో ఈ కేసునూ చర్చించారు.

ఇందులో ఓ మెలిక ఉంది. కుక్ వెనక డెమొక్రాట్లున్నారనీ, గిట్టని స్టేషన్లను వేధించడానికి ఈ రూలును వాడుకున్నారనీ సీబీఎస్ న్యూస్ మాజీ అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ తర్వాత బయటపెట్టాడు. 1987లో ఎఫ్‌సీసీ రూలునే ఎత్తేసింది. మరుసటేడు ఒకవైపు మాటలే చెప్పే రేడియో వ్యాఖ్యాత రష్ లింబా గొంతు దేశమంతా మోగింది. అక్కడినుంచే అంతా చెడిందంటారు ఇక్కడి మనవాళ్లు. నాకంత నమ్మకం లేదు. ఆ రూలు తరంగాల మీద నడిచే స్టేషన్ల కోసం పెట్టింది. 1996లో వచ్చిన ఫాక్స్ న్యూస్ నడిచేది కేబుల్ మీద.

పోయిందల్లా ఓ అలవాటు. సీబీఎస్ సాయంత్రం వార్తల్లో వ్యాఖ్యాత ఎరిక్ సెవరైడ్ మాట్లాడుతుంటే తెర మీద 'కామెంటరీ' అని పడేది. 1968లో అదే వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ వియత్నాం వెళ్లొచ్చి, ఇక చెప్పబోయేది నా సొంత విశ్లేషణ అని ముందే చెప్పి మరీ, యుద్ధం ఎటూ తేలకుండా నిలిచిపోయిందన్నాడు. అలా చెప్పమని ఏ చట్టమూ వాళ్లను అడగలేదు. మన ఛానళ్లలో బులెటిన్ చదివిన యాంకరే కాసేపటికి డిబేట్‌లో తీర్పులిస్తుంటే, తెర మీద అడుగున అదే 'బ్రేకింగ్' పట్టీ పరిగెడుతుంటుంది.

ఇక్కడ అమెరికాలో వార్తకూ అభిప్రాయానికీ ఉన్న ఆ తేడా ఇప్పుడు కోర్టుల్లో గుర్తొస్తోంది. అప్పటి ఫాక్స్ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ మాటల్ని ప్రేక్షకులు అక్షరాలా నిజమనుకోరని ఫాక్స్ లాయర్లు వాదిస్తే, 2020లో జడ్జి ఒప్పుకుని పరువునష్టం కేసు కొట్టేశారు. తమ యంత్రాలు ఎన్నికల్లో మోసం చేశాయని ఫాక్స్‌లో చెప్పినందుకు డొమినియన్ ఓటింగ్ యంత్రాల కంపెనీ వేసిన కేసులో మాత్రం ఆ పప్పు ఉడకలేదు. ఆ మాటలు అభిప్రాయాలన్న వాదనను జడ్జి తోసిపుచ్చారు. 2023 ఏప్రిల్‌లో, విచారణ మొదలవబోతుండగా, ఫాక్స్ 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీపడింది.