రాయని స్వీయచరిత్ర

స్వీయచరిత్ర అనే ప్రక్రియలో ఒక చిక్కు ఉంది. అందులో కథ చెప్పేవాడే కథానాయకుడు. తన గొప్పను తానే చెప్పుకుంటే ఆత్మస్తుతి అంటారు, దాచుకుంటే అసత్యమంటారు. కందుకూరి వారి 'స్వీయ చరిత్రము' మొదలుకొని ప్రకాశం పంతులుగారి 'నా జీవితయాత్ర' వరకు మన పెద్దలు ఈ కత్తి అంచు మీదనే నడిచారు. అటువంటి పుస్తకాన్ని చదివేటప్పుడు నేను ఒక లెక్క చూసుకుంటాను. 'నేను' అన్న మాటకు ఎంత చోటు దక్కింది, పక్కనున్న వారికి ఎంత దక్కింది అని. నాయకుడి గుణం చాలావరకు ఆ లెక్కలోనే తేలిపోతుంది.

ఐర్లండు దేశంలో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. జట్టుకు పదిహేనుగురు. బంతిని కాలితోనూ తన్నవచ్చు, చేతితోనూ ఆడవచ్చు. కౌంటీల జట్లలో ఆడేవారికి జీతం ఉండదు. పగలు ఎవరి వృత్తి వారు చేసుకొని, సాయంకాలం మైదానానికి వస్తారు. అక్కడి కోచ్‌లు స్వీయచరిత్రలు రాసుకోవడం పరిపాటి. టైరోన్ కౌంటీని 2003, 2005, 2008 సంవత్సరాలలో అఖిల ఐర్లండు విజేతగా నిలిపిన మిక్కీ హార్ట్ అనే ఆయన ఒకప్పుడు బడిపంతులు. ఆయనా తన కథ రాసుకున్నాడు. డొనెగాల్ కౌంటీని 2012లో గెలిపించిన జిమ్ మగిన్నెస్ కథ 2015లో పుస్తకంగా వచ్చింది. జీతం ఇవ్వని, ఉద్యోగం నుంచి తీసివేయలేని మనుషులను ఒకడు ఎలా నడిపించగలిగాడన్నదే ఆ పుస్తకాలకు ఉన్న ఆకర్షణ. డబ్బుతో కొనలేనివారి మీద చెల్లే అధికారం ఒక్కటే, నమ్మకం.

అటువంటి మనిషి మన గడ్డ మీద కూడా పుట్టాడు. ఆయనా బడిపంతులే. తన కథను మాత్రం రాసుకోలేదు. హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం గారి గురించి ఈ నాలుగు మాటలు. ఆటగాళ్ళందరికీ ఆయన 'రహీం సాహెబు'.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. మన బడుల్లో 'డ్రిల్లు మాస్టారు' అంటే ఒక చిన్నచూపు ఉండేది. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే ముందుగా ఎగిరిపోయేది డ్రిల్లు పీరియడే. అటువంటి పీరియడు నుంచి నడిచివచ్చి దేశపు జట్టుకు శిక్షకుడైన మనిషి ఆయన. 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తుదిశ్వాస వరకు ఆ బాధ్యత వదలలేదు.

ఆయన బోధనా పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న అంశం ఒకటుంది. కుడికాలి వాటం గలవాడు జీవితమంతా కుడికాలితోనే ఆడతాడు, ఎడమకాలు ఊతకర్రగా మిగిలిపోతుంది. రహీం సాహెబు వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టారు. బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ పరుగెత్తడాన్ని, అంటే డ్రిబ్లింగును, నిషేధించి వేరే పోటీలు జరిపారు. బంతి రాగానే తోటివాడికి అందించి తీరాలి. పిల్లల పోటీలకు ఎత్తును బట్టి హద్దులు పెట్టారు.

పంతులు పని చేసినవారికి ఇందులోని సూక్ష్మం వెంటనే బోధపడుతుంది. ఛందస్సు బాగా వచ్చిన పిల్లవాడి చేత పద్యమే మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే తరగతికి వినోదం, మాస్టారికి పేరు. వాడికి సంధులు రావని తెలిసి, వాటినే రోజూ దిద్దించడం విసుగు పుట్టించే పని. ఆ విసుగును భరించినవాడే ఉపాధ్యాయుడు. 'నీకు వచ్చింది చూపించు' అనడం ప్రదర్శన, 'నీకు రానిది నా ఎదుట చెయ్యి' అనడం శిక్షణ. ఆ రెండో మాట చెప్పాలంటే, వాడు తడబడినప్పుడు నవ్వబోమన్న భరోసా ముందు కలిగించాలి. అందరూ రాని కాలితోనే ఆడే పోటీలో ఎవరు ఎవరిని చూసి నవ్వగలరు?

ఆ శిక్షణ ఫలం హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో కనిపించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలుచుకుంది. కలకత్తా జట్లకు ఎదురులేదనుకునే రోజులవి. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించింది కూడా ఈ పోలీసు జట్టే. తరువాత 1956-57, 1957-58 పోటీలలో హైదరాబాదు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు సాధించింది.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈ చెట్టుకు కాసిన పండే. పేద కుటుంబం. సాధనకు పిలుపు వస్తే నగరానికి చేరడానికి చేతిలో డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం సాహెబే డబ్బులిచ్చి రప్పించుకున్నారని బలరామ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో అతడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. నాయకత్వం మీద రాసే పెద్ద గ్రంథాలలో సైకిలు అద్దె అన్న అధ్యాయం ఉండదు. కాని ఒక పిల్లవాడు మైదానానికి రాలేకపోతే, లోపం వాడి ఆసక్తిలో ఉందా, జేబులో ఉందా అని విచారించడం నాయకుడి మొదటి పని.

ఇక దేశపు జట్టు సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనలులో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో మనవారు ఇరాన్ మీద గెలిచారు. శిక్షకులు రహీం సాహెబు. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో అదే శిక్షకుడి జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ చలిదేశంలో మనవారు పలువురు ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. చిన్ననాటి నుంచి నేలను పాదంతో తడిమి ఆడినవాడికి బూటు తొడగడమంటే ఆట మళ్ళీ మొదటి నుంచి నేర్పడమే. ఆంధ్రదేశంలో వాడుకభాషా వివాదం చెలరేగిన రోజుల్లో పాత పండితులు పడిన ఇబ్బంది తెలిసినవారికి ఈ కష్టం అర్థమవుతుంది. తప్పొప్పులకంటే చేతివాటం మారడమే కష్టం.

హెల్సింకి తరువాత నాలుగేళ్ళు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగ్గా నెల తిరిగిన రోజున, అంటే 1956 డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో భారతదేశం ఆస్ట్రేలియాను వారి సొంత గడ్డ మీద 4-2 తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలుకు చేరిన తొలి ఆసియా దేశం మనదే అయింది. ఆ పైన యుగోస్లావియా చేతిలో, బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ వంటి హైదరాబాదు కుర్రవాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. 1960లో రోములో హంగేరీ చేతిలో 2-1 తో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1 గా సమంగా నిలిచి, పెరూ చేతిలో 3-1 తో ఓడారు. పతకం లేదు. అయినా 10-1 నుంచి ఇక్కడికి ఎనిమిదేళ్ళ నడక. పిల్లవాడి మార్కుల జాబితా చదవడం వచ్చినవాడు మొత్తం మార్కులు మాత్రమే చూడడు, క్రితం ఏటి జాబితా కూడా పక్కన పెట్టుకుంటాడు.

రోము జట్టులోనే మరొక ముచ్చట ఉంది. రహీం సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ జట్టు సభ్యుడు. మూడు ఆటలు జరిగాయి. మూడింటిలో ఒక్కదానిలో కూడా హకీం మైదానంలో దిగలేదు. ధృతరాష్ట్రుడి కథను ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పిన నాకు, ఆ మూడు ఆటలూ బయట కూర్చున్న కొడుకు, అతడిని కూర్చోబెట్టిన తండ్రి చాలాకాలం మనసులో నిలిచిపోయారు. హకీం ఆ తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకొని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో కన్నుమూశారు.

చివరి ఘట్టం జకార్తా, 1962. ఇజ్రాయేలుకు, తైవానుకు ఇండొనేషియా ప్రవేశం నిరాకరించింది. దానిని మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ విమర్శించడంతో అక్కడి జనం భారతీయుల మీద ఆగ్రహించారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓటమి. థాయిలాండు మీద గెలిచిన ఆటలో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు తంగరాజు జ్వరంతో పడుకున్నాడు.

రహీం సాహెబు అప్పుడు చేసినది సాహసం. కట్టు కట్టిన తలతో ఉన్న జర్నైల్‌ను వెనుక వరుస నుంచి తీసి, సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాం మీద అతడొక గోలు చేశాడు. భారత్ 3-2 తో గెలిచింది. ఫైనలుకు తంగరాజును మళ్ళీ గోలు ముందు నిలబెట్టారు. 1962 సెప్టెంబరు 4న, లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల హోరు నడుమ, తమను ఓడించిన దక్షిణ కొరియానే 2-1 తో ఓడించి మనవారు స్వర్ణం గెలిచారు. మొదటి గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్‌ది. జట్టు నాయకుడు చునీ గోస్వామి.

రహీం సాహెబు దేహంలో అప్పటికే క్యాన్సరు పెరుగుతోంది. తొమ్మిది నెలలు తిరిగిన కొద్ది రోజులకే, 1963 జూన్ 11న, ఆయన వెళ్ళిపోయారు. వయసు యాభై మూడు.

ఆయన స్వీయచరిత్ర రాసి ఉంటే అందులో 'నేను' ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. బలరామ్ పేరుతో ఒక అధ్యాయం, జర్నైల్ పేరుతో ఒకటి, రాని కాలి పోటీలకు ఒకటి. ఈ రోజు మనం ఆయన గురించి చెప్పుకునేదంతా శిష్యుల నోటి నుంచి వచ్చినదే. గురువు కథ శిష్యుల ముఖతా వినడం మన సంప్రదాయానికి కొత్త కాదు. అందులో ఒక శోభ ఉంది, కాదనను.

ఒక ప్రమాదమూ ఉంది. పి.కె. బెనర్జీ ఆయన దగ్గర నేర్చి, తానూ గొప్ప శిక్షకుడయ్యాడు. 1970లో ఆయన శిక్షణలో, హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో, భారత్ బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించింది. నయీముద్దీన్ కూడా తరువాత శిక్షకుడై 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందారు. అంతవరకు పరంపర నడిచింది. ఆ తరువాత సన్నగిల్లింది. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. రోము తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టు అడుగుపెట్టలేదు. కారణాలు అనేకం: నిధులు, మైదానాలు, పాలన, మారిన ప్రపంచం. కాని ఒక పంతులుగా నాకు తోచే కారణం మరొకటుంది. పాఠం మాస్టారి తలలోనే ఉండిపోతే, ఆయన బదిలీతోనే అది కూడా బడి దాటిపోతుంది. రాని కాలితో ఆడించే పోటీని ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి, ఎన్నాళ్ళు సాగించాలి, ఏ పిల్లవాడి దగ్గర ఆపాలి అన్నవి ఒక నోటుపుస్తకంలో ఉండి, అది జిల్లా జిల్లాకూ చేరి ఉంటే ఎలా ఉండేది?

నిరాడంబరత నాయకుడికి అలంకారమే. తన పేరు చెప్పుకోకపోవడం వినయం. తన పద్ధతి చెప్పిపోకపోవడం మాత్రం రాబోయేవారికి నష్టం. ఐర్లండు శిక్షకులు పుస్తకాలు రాసుకున్నారంటే అది గొప్పలు చెప్పుకోవడమేనని కొట్టిపారేయలేము. వారి తరువాతి పల్లెటూరి శిక్షకుడికి తెరచి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

2024లో రహీం సాహెబు జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. ఆయన పోయిన అరవై ఏళ్ళకు దేశానికి ఆయన ముఖం గుర్తు చేసినందుకు సంతోషమే. చిత్రం ఉత్కంఠ చూపగలదు, ఏళ్ళ తరబడి సాగిన విసుగు పుట్టించే దిద్దుబాటును చూపలేదు. మన తెలుగు పుస్తకాలలో ఆయనకు తగినంత చోటు దక్కకపోవడానికి ఆయన ఇంటిభాష ఉర్దూ కావడం కూడా ఒక కారణమేమో! తిరువూరులో కూర్చున్న తెలుగు పంతులుకు చాదర్‌ఘాట్ ఉర్దూ పంతులు పరాయివాడు కాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది సుద్దముక్కే.

మీ ఊళ్ళలో కబడ్డీయో, వాలీబాలో, బంతాటో నేర్పిన డ్రిల్లు మాస్టారు ఒకరు ఉండే ఉంటారు. ఆయన బతికి ఉంటే వెళ్ళి కూర్చోండి. ఏం గెలిచారని అడగవద్దు, ఎలా నేర్పారని అడగండి. చెప్పినది చెప్పినట్టు రాసిపెట్టండి. వారు రాసుకోరు, మనమే రాయాలి.