సీసపు గడి నుండి ఫాంటు సూచిక వరకు: హైదరాబాదు అచ్చుపనిలో ఫెహరిస్తు కథ

హైదరాబాదు ముద్రణ చరిత్ర వ్రాసేవారు సాధారణంగా గ్రంథాల పేర్లు, ప్రభువుల పోషణ, యంత్రాలు వచ్చిన సంవత్సరాలు చెప్పి ముగిస్తారు. కంపోజిటరు చేయి ఒక్కొక్క అక్షరం కోసం ఎక్కడికి పోయింది, అది అక్కడ ఉన్నదని అతనికి ఎట్లా తెలిసింది అన్న ప్రశ్న చిన్నదిగా తోచడం వల్ల కాబోలు, దాని జోలికి పెద్దగా పోరు. ఈ నగరంలో అరబీ, ఉర్దూ, తెలుగు అచ్చుల మంచిచెడ్డలు చాలావరకు ఆ చిన్న ప్రశ్న చుట్టూనే తిరిగినవని నా అభిప్రాయం. అక్షరం మన వద్ద ఉండడం ఒకటి. కావలసిన క్షణంలో అది దొరకడం మరొకటి.

ఈ దొరికే మార్గానికి మన పూర్వులు పెట్టిన పేరు ఫిహ్రిస్త్. పారశీకం నుండి అరబీలోకి వచ్చిన ఆ మాట ఉర్దూలో ఫెహరిస్తుగా నిలిచింది. బాగ్దాదులో పుస్తకాల వ్యాపారి ఇంట పుట్టిన ఇబ్నున్నదీమ్ హి.శ. 377 (క్రీ.శ. 987)లో, తన కాలానికి తెలిసిన అరబీ గ్రంథాల పట్టికను ఆ పేరుతోనే కూర్చినాడు. నిఘంటుకారుల సంగతీ ఇటువంటిదే. ఖలీల్ బిన్ అహ్మద్ తన ‘కితాబుల్ ఐన్’ను గొంతు లోతున పుట్టే అక్షరాలతో మొదలుపెట్టి పెదవుల వరకు తెచ్చినాడు. జౌహరీ తన ‘సిహాహ్’లో ధాతువు చివరి అక్షరాన్ని బట్టి మాటలను అమర్చినాడు. మాటలు అవే. క్రమం తెలియని వానికి మాత్రం రెండూ మూసిన తలుపులే.

మన నగరంలో ఫెహరిస్తు, అచ్చు అనే రెండు పనులూ ఒకే వ్యక్తి పూనికతో జతగా ముందుకు సాగినవి. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ గార్ల కృషితో 1888లో దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. 1891లో ఆసఫియా గ్రంథాలయం కూడా బిల్‌గ్రామీ గారి చొరవతోనే వెలిసింది. తొలుత అది అబిడ్స్ ప్రాంతంలో ఉండి, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని భవనానికి మారింది. ఆ గ్రంథాలయపు అరబీ, ఫారసీ, ఉర్దూ పుస్తకాల ఫెహరిస్తులు సంపుటాలుగా అచ్చయినవి. దాయిరతుల్ మఆరిఫ్ వారు వ్రాతప్రతులను పోల్చి చూచి, ఇబ్ను హజర్ ‘తహ్‌జీబుత్తహ్‌జీబ్’ను పన్నెండు సంపుటాలుగా, బైహఖీ ‘సుననుల్ కుబ్రా’ను పది సంపుటాలుగా ప్రకటించినారు. అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ప్రతుల మీద ఆధారపడినారు.

ఈ గ్రంథాలు సీసపు అక్షరాలతో, నస్ఖ్ లిపిలో అచ్చయినవి. నస్ఖ్‌లో అక్షరానికి విడి రూపం, మొదటి రూపం, నడిమి రూపం, చివరి రూపం అని నాలుగు వరకు ఉంటవి. జబర్ జేర్‌లు, జోడు అక్షరాలు కలిపితే గళ్ల సంఖ్య వందలలోకి పోతుంది గాని, ఒక మనిషి చేతికి అలవాటయ్యే లెక్కే. కేసు ముందు నిలబడిన కంపోజిటరు కంటితో వెదకడు. చేయి తానే పోతుంది. అతని జ్ఞాపకమే సూచిక. ఎవరైనా గళ్లు సర్ది ‘శుభ్రం’ చేస్తే పాత కంపోజిటర్లకు వచ్చే కోపం చూచినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

నస్తాలీఖ్ దగ్గర ఈ జ్ఞాపకం ఓడిపోయింది. ఉర్దూ పాఠకుని కన్ను కోరేది నస్తాలీఖ్‌నే. అందులో పదం కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. అక్షరపు ఆకారం తరువాతి అక్షరాన్ని బట్టి, దాని తరువాతి దానిని బట్టి కూడా మారుతుంది. 1917లో దారుత్తర్జుమా ఏర్పడి, 1919లో అబిడ్స్‌కు చేరువలోని గన్‌ఫౌండ్రీ భవనాలలో ఉస్మానియా తరగతులు మొదలైన తరువాత, ఉర్దూలో శాస్త్రగ్రంథాల అవసరం ఒక్కసారిగా పెరిగింది. నిజాం ప్రభుత్వం నస్తాలీఖ్‌ను యంత్రానికి లొంగదీయ యత్నించింది. పని వ్యాపారస్థాయికి రాలేదు. అక్షరాలు పోతపోయలేక కాదు, వేల ముక్కలలో కావలసిన ముక్కను సమయానికి తీయగల మనిషి లేక. కాబట్టి ఉర్దూ ముద్రణ కాతిబు కలాన్నే, రాతి అచ్చునే నమ్ముకున్నది. 1949లో స్థాపింపబడి అబిడ్స్‌లో వెలువడుతూ వచ్చిన ‘సియాసత్’ కూడా దశాబ్దాల పాటు కాతిబుల చేతివ్రాతతోనే పాఠకులను చేరింది.

తెలుగు కేసు కూడా చిన్నదేమీ కాదు. గుడులు, కొమ్ములు, వత్తులు, వాటి జతలు కలిసి తెలుగు కంపోజిటరుకు రోమన్ అక్షరాల వానికంటే ఎన్నో రెట్లు గళ్లు ఉండేవి. ఇక తెలుగు చదివే ముస్లింల పుస్తకంలో పుట మధ్య అరబీ ఆయతు రావలె. రెండు కేసులు తెలిసిన కంపోజిటరు అరుదు. అందుచేత ఆయతును కాతిబుతో వ్రాయించి, జింకు బ్లాకు చేయించి, తెలుగు సీసం నడుమ బిగించేవారు. ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు తిరగవేసేవారికి అటువంటి పుటలు ఇప్పటికీ ఎదురౌతుంటవి. తెలుగు పంక్తులు కొంచెం వంకర పోయినా, బ్లాకులోని ఆయతు తప్పు పోదు. ఆ పద్ధతిలోని మేలు అది. బ్లాకు తనను తాను మార్చుకోదు.

1981 ప్రాంతంలో మీర్జా అహ్మద్ జమీల్ గారు పాకిస్తానులో మోనోటైపు కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను తెచ్చినారు. అక్షరాలను కలపడం మాని, అక్షరాల గుంపులనే దాదాపు 20,000 వ్రాసి యంత్రంలో నిల్వ చేసినారు. వెదికే పని కంప్యూటరుది. హైదరాబాదు సీసంలో దొరకని జవాబు అదే! 1994లో ఢిల్లీ నుండి వచ్చిన ఇన్‌పేజ్ ఆ విద్యను నాంపల్లి, అబిడ్స్ డీటీపీ దుకాణాల బల్లల మీదికి తెచ్చింది. ఆనాటి ఫాంటు ఫైలులో 256 స్థానాలే ఉండేవి. కాబట్టి ఒక్క నూరీ నస్తాలీఖ్ ఎనభైకి పైగా ఫైళ్లుగా విడిపోయింది. ఏ గుంపు ఏ ఫైలులో, ఏ స్థానంలో ఉన్నదో ఆ సాఫ్టువేరు సూచికకే తెలుసు. సూచిక లేకుండా ఆ ఫైళ్లు ఉట్టి గీతలు.

1991లో యూనికోడ్ వచ్చి అరబీకి, తెలుగుకు స్థిరమైన సంఖ్యలు ఇచ్చింది. మరొక వైపు డొనాల్డ్ నూత్ 1977లో ప్రారంభించిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ పండితుల చేతులలో పెరుగుతూ వచ్చింది. 1992లో క్లావుస్ లాగలీ దానికి అరబ్‌టెక్ జోడించినారు. 2000 దశకంలో అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయపు తత్త్వశాస్త్రాచార్యులు ఇద్రీస్ సమావీ హామిద్ గారి ‘ఓరియంటల్ టెక్’ ప్రయత్నం, హాలండుకు చెందిన హాన్స్ హాగెన్ బృందంతో కలిసి, లువాటెక్ రూపొందడానికి తోడ్పడింది. అరబీ గ్రంథాన్ని తగిన గౌరవంతో అచ్చువేయవలెనన్న కోరికే అందులో ఒక ప్రేరణ. 1924 నాటి కైరో ముస్‌హఫ్ కూర్చిన బూలాఖ్ అమీరియా ముద్రాలయపు అక్షరాలను అనుసరించి ఖాలిద్ హుస్నీ గారు ‘అమీరీ’ ఫాంటును తయారుచేసి 2011లో ఉచితంగా విడుదల చేసినారు. తెలుగులో పోతన, వేమన, మండలి, రామభద్ర వంటివి ఉచితంగానే లభిస్తున్నవి. అక్షరాలకు కొరత తీరింది. పాత ప్రశ్న మాత్రం తీరలేదు.

టెక్ వంటి వ్యవస్థలలో ఫాంటును పేరుతో పిలుస్తాము. ఆ పేరు ఫైలు పేరు కానక్కరలేదు. ఫాంటు లోపల కుటుంబం పేరు, లావు, వాలు వేరుగా వ్రాసి ఉంటవి. సాఫ్టువేరు ఫోల్డర్లన్నీ ఒకసారి చదివి, ఏ పేరుకు ఏ ఫైలో ఒక ఫెహరిస్తు వ్రాసిపెట్టుకొంటుంది. తరువాత చూచేది ఫెహరిస్తునే. దానిని సవరించేది కమాండ్ లైనులో, అనగా నల్లని తెర మీద ఆజ్ఞను టైపు చేసి. హాగెన్ గారి కాంటెక్స్ట్‌లో ‘ఎమ్‌టీఎక్స్‌రన్’ ఆజ్ఞకు ‘స్క్రిప్ట్ ఫాంట్స్’, ‘రీలోడ్’ చేరిస్తే సూచిక కొత్తగా తయారౌతుంది. ‘లిస్ట్’ చేర్చి పేరులో కొంత భాగం ఇస్తే ఆ పేరున్న ఫాంట్లు వాటి ఫైళ్లతో సహా కనబడతవి. కంప్యూటరు స్వంత ఫాంట్ల ఫోల్డరు ఎక్కడున్నదో ‘ఓఎస్‌ఫాంట్‌డిర్’ అనే మాటలో ముందే చెప్పి ఉంచవలె. లువాలాటెక్ వాడేవారికి ‘లువాఓటీఎఫ్‌లోడ్ టూల్’కు ‘అప్‌డేట్’ అన్న మాట చాలు. లినక్స్ యంత్రాలలో ‘ఎఫ్‌సీ క్యాష్’ అనే వేరే ఆజ్ఞ కలదు. అది యంత్రపు సూచికను మాత్రమే సవరిస్తుంది, కాంటెక్స్ట్ సూచికను ముట్టదు. ఒకటి సరిచేసి రెండూ సరి అయినవనుకోవడం కొత్తవారు తరచు చేసే పొరపాటు.

కొన్నేండ్ల క్రితం నేనూ చేసినాను. తెలుగు తాత్పర్యంతో యాసీన్ సూరా చిన్న పుస్తకం సిద్ధమౌతుండగా పాత కంప్యూటరు పాడైంది. ఫైళ్లను, ఫాంట్లను కొత్త యంత్రంలోకి మార్చినాను గాని సూచికను తిరిగి వ్రాయించలేదు. పేర్కొన్న నస్ఖ్ ఫాంటు దొరకక, ప్రత్యామ్నాయంగా వ్రాసి ఉంచిన మరొక నస్ఖ్ వచ్చి కూర్చున్నది. చూపుకు తేడా లేదు. అక్షరాలన్నీ ఉన్నవి, వఖ్ఫ్ చిహ్నాలు మాత్రం లేవు. నాంపల్లిలోని ఒక అచ్చుకూటంలో ప్రూఫు చదువుతున్న హాఫిజ్ సాహెబు 76వ ఆయతు వద్ద వేలు ఆపి, “ఇక్కడి మీమ్ ఏదండీ?” అని అడిగినారు.

ఆ చిన్న మీమ్ తప్పక ఆగుమని చెప్పే చిహ్నం. అవిశ్వాసుల మాటలకు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దుఃఖించవద్దన్న ఓదార్పు అక్కడ ముగిసి, వారి రహస్యమూ బహిరంగమూ తనకు తెలుసునన్న అల్లాహ్ ప్రకటన మొదలౌతుంది. ఆగకుండా చదివితే ఆ ప్రకటన అవిశ్వాసుల మాటగా వినబడే ప్రమాదం ఉన్నది. అచ్చయి ఉంటే ఆ మీమ్ లేని పుట వందల ఇండ్లకు పోయేది. యంత్రం అబద్ధం చెప్పలేదు. ఫాంటు దొరకలేదనీ, ఫలానా చిహ్నాలు లేవనీ లాగ్ ఫైలులో వరుసగా వ్రాసిపెట్టింది. నేనే తెరిచి చూడలేదు.

మూల టెక్‌లో లేని అక్షరాన్ని నిశ్శబ్దంగా వదలి లాగ్‌లో ఒక పంక్తి వ్రాయడమే తొలినుండి ఉన్న ఏర్పాటు. ‘ట్రేసింగ్ లాస్ట్ క్యారెక్టర్స్’ విలువను 3 చేస్తే దానిని తప్పుగా ప్రకటించే సౌకర్యం 2021 విడుదలతోనే వచ్చింది. నలభై ఏండ్లకు పైగా పట్టింది!

ఆ సాయంత్రం సూచికను రీలోడ్ చేయించి, అమీరీ ఏ ఫైలు నుండి వస్తున్నదో లిస్ట్‌లో చూచుకొని, పుటలన్నీ తిరిగి తీయించినాము. యంత్రం పక్కన అట్టముక్క ఒకటి అంటించినాను: మొదట రీలోడ్, తరువాత లిస్ట్, ఆ పిదప లాగ్. హాఫిజ్ సాహెబు కలం అడిగి తీసుకొని, దాని క్రింద యాసీన్ 76 అని ఉర్దూలో వ్రాసి పెట్టినారు.