కాలువ గట్టు పటాలు

చెన్నపట్టణంలో బకింగ్‌హాం కాలువ గట్లను బాగుచేసే పనులు కొన్ని ఏండ్లుగా విడతలు విడతలుగా సాగుతున్నవి. పూడిక తీయడం, కంచెలు వేయడం, నడకబాటలు పరచడం, ఇవన్నీ జరగవలసినవే. పాత గట్టు పూర్తిగా మాసిపోకముందే నాలుగు పటాలు తీసి మన ఉగాది సంచికలో వేయాలని మేము సంకల్పించినాము. చేతిలో కెమెరా ఉన్నది, ఆదివారాలు ఉన్నవి, ఇంక కావలసినదేమి అనుకున్నాము.

ఈ కాలువ తెలుగువారికి పరాయిది కాదు. 1806లో బాజిల్ కొక్రేన్ అనే వర్తకుడు పట్టణం నుండి ఎన్నూరు దాకా 11 మైళ్ళు తవ్వించినాడు. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని ఉత్తరానికి పొడిగించుకుంటూ పోయినది. చివరకు అది నెల్లూరు సీమ దాటి పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువను కలిసినది. అక్కడినుండి కృష్ణా గోదావరి కాలువల మీదుగా కాకినాడ దాకా నీటిదారి ఏర్పడినది. దక్షిణాన మరక్కాణం వరకు లెక్కవేస్తే బకింగ్‌హాం కాలువ ఒక్కటే సుమారు 420 కిలోమీటర్లు. బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు ఈ నీటిమీదనే పట్టణం చేరేవి; వాటితోపాటు మనవాళ్ళూ చేరినారు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున నడుస్తూ తాడుతో లాగడం. 1965, 1966, 1976 తుపానులు కాలువను దెబ్బతీసినవి. సరుకు లారీలకు పోయినది.

పట్టణం నడిమి భాగం కథ వేరు. కూవం నదిని అడయారుతో కలిపే 8 కిలోమీటర్ల ముక్క కరువుపనిగా తవ్వినది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేది ఆ కరువునే. ధాత అంటే 1876-77. తవ్వకం ఆ మరుసటి ఈశ్వరలో సాగినది. తిండిలేక పల్లెలు విడిచి వచ్చినవారి చేత మట్టి మోయించినారు. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ రాజధాని అంతటా కరువుపనులకు నిర్ణయించిన కూలి, మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. విలియం డిగ్బీ వంటి పత్రికా సంపాదకులు దీనిని గట్టిగా విమర్శించినారు. కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టినారు. తవ్వినవారు ఎవరో ఏ పలక మీదా లేదు.

పటాల ప్రసంగం కనుక ఇంకొక ముచ్చట. ఆ కరువులోనే డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ అనే సైనికోద్యోగి ఎముకల గూళ్ళవంటి మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఛాయాచిత్రాలు తీసినాడు. అవి నేటికీ ఉన్నవి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, పేరు మాత్రం తెలియదు. ఇదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్షలు అమలుచేసే వేళ పటాలు తీసి విచారణ నెదుర్కొన్నాడు. ఆ కరువు పటాలు చూచి మేమూ ఛీ అనుకున్నవారమే. ఇక మా నిర్వాకం వినండి.

మైలాపూరు ప్రాంతంలో కాలువ మీదుగా వంతెనపై పట్టణ రైలు పోతుంది. 1995లో చేపాకం దాకా, 1997 అక్టోబరులో, అనగా మళ్ళీ ఒక ఈశ్వరలోనే, తిరుమయిలై దాకా వచ్చినది. స్తంభాలు కాలువలోనే దిగినవి. పొద్దెక్కితే వంతెన నీడ ఒక గట్టును కప్పుతుంది, రెండవ గట్టు తెల్లగా మండుతుంది. ఈ వెలుగునీడల మోజులో మేము స్తంభాలనూ వాటి ప్రతిబింబాలనూ పదేపదే తీసినాము. నీరు మురుగైనా ప్రతిబింబానికి లోటులేదు మరి. గుడిసెలు పటాల అంచున పడినవి.

మూడు నెలల తరువాత వెళ్ళేసరికి ఆ వరుస లేదు. చదును చేసిన మట్టి, దాని చుట్టూ రేకుల కంచె. ఇళ్ళవారిని పెరుంబాక్కం పంపినారన్నారు. కణ్ణగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కం, ఇవన్నీ పట్టణానికి దక్షిణాన చాలా దూరం. మైలాపూరు ఇళ్ళలో పాచిపని చేసే ఆడవారికి సుమారు 20 కిలోమీటర్లు. పక్కా ఇల్లు దొరికిన మాట నిజమే. 2015 డిసెంబరు వరద చూచినవారెవరూ నీటి అంచున గుడిసె మేలని అనరు. కాని కూలి ఇక్కడ, కొంప అక్కడ.

కంచె దగ్గర ఒక ముసలమ్మ మమ్మల్ని ఆనవాలు పట్టినది. నెల్లూరు యాస.

“అయ్యా, ఆనాడు పటాలు తీసినారే, అందులో మా ఇల్లు పడిందా? తలుపు మీద నంబరు కనపడాల. ఈడ ఉన్నామని చూపించుకోవాలయ్యా” అన్నది.

లెక్క రాసుకొన్న రోజున ఆమె పనికి పోయినదట. జాబితాలో పేరు ఎక్కలేదు, ఇల్లు రాలేదు. తాత సరుగుడు కట్టెల పడవ మీద వచ్చి దిగినాడట. తాను పుట్టినది ఆ గట్టుననే.

ఇంటికి వచ్చి పటాలన్నీ వెదికినాము. ఒకే ఒకదానిలో ఆమె తలుపు ఉన్నది, అదీ సగం. మూడంకెల నంబరులో చివరి అంకె మాత్రం పడినది. తక్కిన రెండింటినీ, స్తంభం నిండుగా రావాలని, మేమే చట్రం వెలుపల వదిలివేసినాము.

ఆ తరువాత పద్ధతి మార్చుకొన్నాము. ఇంకా మిగిలిన వరుసలకు పోయి, అడిగి, ఒప్పుకొన్నవారి ఇంటిని తలుపూ నంబరూ కనబడేటట్లు, గడపలో ఇంటివారిని నిలిపి తీస్తున్నాము. ఒక ప్రతి వారికి. మా ప్రతి వెనుక పేరు, తేదీ, ఎన్నేండ్లుగా ఉన్నారో, ఎక్కడికి పొమ్మన్నారో వ్రాస్తున్నాము. వద్దన్నవారిని తీయలేదు. పటాలుగా చూస్తే ఇవి చాలా సాదా. ఒకదానికొకటి తేడా కూడా తెలియదు.

ఎదుటి పుటలో ఉన్నది ఆ సగం తలుపు పటమే. పేరు అచ్చువేయవద్దని ఆమె కోరినది గనుక వేయలేదు. పటం వెనుక ఉన్నది. ఆ ఒక్క అంకెతోనే ఆమె అర్జీ పెట్టుకొన్నది. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు.