మిలటరీ మాధవరం: యుద్ధకాలం నాటి మా ఊరు

తాడేపల్లిగూడెంలో మాధవరం అంటే చాలు, "మిలటరీ మాధవరమేనా?" అంటారు. పక్కనున్న ఆరుగొలను కోటలో కొలువు చేసిన సైనికుల సంతతి మనమని పెద్దల మాట. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్ళారని ఊరి లెక్క. నడుమ ఇరవయ్యేళ్ళూ పంటలతో, పెళ్ళిళ్ళతో గడిచిపోయాయి.

చెప్పవలసింది 1942 గురించి. మార్చిలో రంగూను జపాను వశమైంది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెం పక్క పొలాల్లో విమానాలకు రన్‌వే వేశారు. కిరసనాయిలుకు, గుడ్డకు కటకట. మగదిక్కు లేని ఇళ్ళలో నాట్లూ కోతలూ శిస్తూ అన్నీ ఆడవాళ్ళే చూసుకున్నారు.

యుద్ధానికి వెళ్ళిన తాతయ్య ఉత్తరాల్లో ఆయనున్న ఊరి పేరు వచ్చిన చోటల్లా సెన్సారువాళ్ళు నల్లసిరా పులిమేవారట. చదివిపెట్టేవాళ్ళు అక్కడ ఆగితే, నాయనమ్మ కాగితం అందుకుని ఎండకెత్తి చూసేదట. ఆవిడకు అక్షరం ముక్క రాదు.

యుద్ధం ముగిశాక, అవసరం తీరిందని వేలాదిమందిని ఇళ్ళకు పంపేశారు. కొద్దికాలమే పనిచేశారని పింఛను లేదు. తాతయ్య డిశ్చార్జి కాగితం పట్టుకుని ఓ ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ మాట ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదు.

అయినా ఊరు పటాలాన్ని వదల్లేదు. 1962, 1965, 1971, కార్గిల్, ప్రతిసారీ మనవాళ్ళున్నారు. మన ఊరి మాజీ సైనికుల సంఘానికి పునాది వేసిన సుబేదారుగారిని నేనెరుగుదును. తెల్లారకముందే కుర్రాళ్ళను చెరువుగట్టు మీద పరుగెత్తించేవారు. సెలక్షన్‌కు వెళ్ళేవాడికి బూట్లు లేకపోతే తనవి ఇచ్చేసి, తాను చెప్పులతో తిరిగేవారు.

మన సంఘం ఉత్సవానికి చందాలిచ్చిన మాజీ సైనికుల కుటుంబాలకు, భోజనాలకు బియ్యమిచ్చిన రైతులకు, ఊళ్ళోని సైనికుల స్థూపానికి రంగులు వేసిన యువకులకు, పైదేశాల నుంచి డబ్బు పంపిన బిడ్డలకు, వంటవాళ్ళకు, పందిరి వేసినవాళ్ళకు సంఘం తరఫున కృతజ్ఞతలు. అందరి పేర్లూ ఈ సంచిక వెనక పేజీల్లో ఉన్నాయి.

లేని పేర్లూ ఉన్నాయి. ఫ్రంటులో వంట చేసినవాళ్ళు, బట్టలుతికినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు, ఇక్కడ ఇళ్ళు నిలిపిన ఆడవాళ్ళు మన జాబితాకు ఎక్కలేదు. కమిటీలో రెండుసార్లు అడిగాను, పేజీలు చాలవన్నారు. వాళ్ళ పేర్లు చెప్పగల ముసలివాళ్ళు ఇంకా నలుగురైదుగురున్నారు. సంక్రాంతి దాటకుండా ఇంటింటికీ వెళ్ళి రాసుకుందాం. కాగితం ఖర్చు నాది.