రేడియం వాచీ: ఆ రోషనీ వెనక ఆడపిల్లలు

హజ్ నుంచి వచ్చినవాళ్ళు ఖజూర్, జమ్‌జమ్‌తో పాటు తెచ్చే తోఫాల్లో చీకట్లో మెరిసే తస్బీ ఒకటి. లైటు ఆర్పగానే పచ్చగా వెలిగే ఆ పూసల్ని మన ఇళ్ళల్లో "రేడియం తస్బీ" అంటారు. బండి నంబరు ప్లేటు మీది స్టిక్కరూ రేడియమే, తహజ్జుద్‌కు లేచి టైం చూసుకునే వాచీ ముల్లూ రేడియమే. హకీకత్ ఏమిటంటే, ఇవాళ బజార్లో దొరికే ఈ సామాన్లలో రేడియం లేదు. పేరు మాత్రం మిగిలిపోయింది. ఆ పేరు వెనక ఓ దర్దనాక్ తారీఖ్ ఉంది. మన పిల్లలకు కూడా తెలియాల్సిన తారీఖ్ అది.

1898లో పారిస్‌లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియంను కనిపెట్టారు. కొన్నేళ్ళకే దాన్ని జింక్ సల్ఫైడ్ పొడిలో కలిపితే చీకట్లో వెలిగే రంగు తయారవుతుందని తెలిసింది. రేడియం నుంచి వచ్చే కిరణాలు జింక్ సల్ఫైడ్ రవ్వలకు తగిలినప్పుడల్లా అవి చిన్నగా మెరుస్తాయి. దీనికి ఎండ అక్కర్లేదు, దీపం అక్కర్లేదు. రాత్రంతా అదే రోషనీ. మొదటి ప్రపంచ జంగ్‌లో కందకాల్లో కూర్చున్న సిపాయికి అగ్గిపుల్ల గీయకుండా టైం తెలియాలి. దాంతో ఆ రంగుకు గిరాకీ పెరిగింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ పట్టణంలోని ఒక కార్ఖానా ఆ రంగును "అన్‌డార్క్" పేరుతో అమ్మింది. వాచీ డయళ్ళ మీద ఆ రంగు పూసే పని ఆడపిల్లలకు అప్పజెప్పింది. వాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళు కూడా నిండనివాళ్ళు.

ఈ పని చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ నజాకత్ ఉన్న పని. రంగు పల్చగా పడితే వెలుగు చాలదు. మందంగా పడితే గడ్డకట్టి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ మెరుస్తుంది. అంకె గీత దాటితే డయల్ ఖరాబ్. అంతటా ఒకే తీరుగా వెలగాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. నాలుగు గీతలు గీసేసరికి కుంచె వెంట్రుకలు విచ్చుకుంటాయి. అందుకని కుంచెను పెదాల మధ్య పెట్టి మొన చేసుకోవాలని వాళ్ళకు నేర్పించారు. పెదాలకు, తర్వాత రంగులో, తర్వాత డయల్‌కు: రోజంతా ఇదే. కూలి డయళ్ళ లెక్కన. రోజుకు 250 దాకా పూసేవాళ్ళు. ప్రతిసారీ ఇంత రేడియం కడుపులోకి పోయేది. నష్టం లేదని వాళ్ళకు చెప్పారు. అదే కార్ఖానాలో కెమిస్టులు మాత్రం సీసం అడ్డుపెట్టుకుని, పట్టకార్లతో పని చేసేవాళ్ళు. ఆ పిల్లలు సరదాకి గోళ్ళకు, పళ్ళకు కూడా ఆ రంగు పూసుకునేవాళ్ళు. ఇంటికి పోతుంటే బట్టలు మెరిసేవి.

రేడియం ఒంట్లోకి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ముందు పళ్ళు ఊడాయి. తర్వాత దవడ ఎముక కుళ్ళింది. మాలీ మాజియా అనే అమ్మాయి 1922లో ఇంతెఖాల్ అయింది. మరణ పత్రంలో ఏం రాశారో తెలుసా? సిఫిలిస్! జవాబు చెప్పుకోలేని మయ్యత్ మీద ఇంతటి బొహ్తాన్. 1927లో సమాధి తవ్వి చూస్తే ఆమె ఎముకల్లో రేడియం ఇంకా గవాహీ ఇస్తోంది. చనిపోయిన ఐదేళ్ళకు ఆమె మీది మచ్చ పోయింది.

ఈలోగా హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1925లో ఈ జబ్బుకు కారణం రేడియమేనని సాబిత్ చేశాడు. గ్రేస్ ఫ్రయర్ అనే మజ్దూర్ వకీలు కోసం రెండేళ్ళు తిరిగింది. చివరికి 1927లో ఐదుగురు ఆడవాళ్ళు ముఖద్దమా వేశారు. వాళ్ళలో ఇద్దరు మాలీ సొంత చెల్లెళ్ళు, అక్కలు. అదాలత్‌లో ప్రమాణం చేయడానికి చెయ్యి పైకెత్తే తాఖత్ కూడా వాళ్ళలో లేదు. వాయిదాలు పడుతుంటే పత్రికలు కోపంగా రాశాయి. 1928లో రాజీ కుదిరింది: ఒక్కొక్కరికీ 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్యం ఖర్చులు. ఆ ఏటా ఇచ్చే డబ్బును ఎన్నో ఏళ్ళు తీసుకునేంత జిందగీ వాళ్ళలో కొందరికి మిగల్లేదు. గ్రేస్ 1933లో పోయింది. ఇల్లినాయ్ రాష్ట్రం ఒటావాలో కేథరిన్ డానహ్యూ 1938లో మంచం మీద నుంచే గవాహీ చెప్పి గెలిచింది. ఈ ఆడవాళ్ళ శరీరాల నుంచి నేర్చుకున్న ఇల్మ్‌తోనే 1941లో అమెరికాలో ఒక మనిషి ఒంట్లో రేడియం 0.1 మైక్రోగ్రాము దాటకూడదని హద్దు పెట్టారు. తర్వాత వచ్చిన కార్మికులెందరినో ఆ హద్దు కాపాడింది.

ఇందులో ఇంకో ఇబ్రత్ ఉంది. వెలుగు పెరగాలని రేడియం ఎక్కువ కలిపితే, ఆ కిరణాల దెబ్బకు జింక్ సల్ఫైడ్ అంత తొందరగా పాడవుతుంది. కొన్నేళ్ళకే వాచీ మసకబారుతుంది. రేడియం మాత్రం సగం తరగడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. రోషనీ పోయినా జహర్ ఉంటుంది.

1960ల నుంచి రేడియం స్థానంలో ట్రిటియం వచ్చింది. దాని కిరణాలు బలహీనం, వాచీ అద్దం దాటలేవు. ఆరు అంకె దగ్గర "టి" అక్షరం ఉంటే అది ట్రిటియం. పన్నెండేళ్ళకు అది సగమవుతుంది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ స్ట్రాన్షియం అల్యూమినేట్‌తో కొత్త పొడి తెచ్చింది. కిరణాల గొడవ లేదు. పగటి వెలుతురు తాగి రాత్రి మెల్లగా వదులుతుంది. ఇషా తర్వాత పడుకున్నవాళ్ళకు ఫజర్ దాకా తోడుంటుంది.

ఒకే తీరుగా వెలిగించే మెహనత్ మాత్రం ఇప్పటికీ అంతే. రవ్వ పెద్దదైతే వెలుగెక్కువ, కానీ గరుకు. చిన్నదైతే నునుపు, కానీ వెలుగు తక్కువ. కారీగర్ పొడిని వార్నిష్‌లో కలిపి, ముల్లు నడుమ ఖాళీలో వెనక వైపు నుంచి చుక్క పెట్టి ఒకే లాగులో నింపుతాడు. సగం ఆరినదాన్ని మళ్ళీ తాకితే గడ్డలే. కింద తెల్లటి పూత ఉంటే వెలుగు వెనక్కి తిరిగి ఇంకా మెరుస్తుంది. తడి తగిలితే పొడి చెడుతుంది. దీనికి కావలసింది సబర్, పెదాలు కాదు.

మీ దాదాజాన్ సందూక్‌లో 1960లకు ముందటి వాచీ ఉంటే, దాని ముళ్ళ మీద గోధుమరంగు పెచ్చు కనిపిస్తే, మెహర్బానీ చేసి ఇంట్లో విప్పి గీకకండి. కొత్త రంగు వేయాలన్న షౌఖ్ వదిలేయండి. పిల్లల చేతికి ఇవ్వకండి. మూత బిగించి ఉంచితే చాలు, అది ఒక నిషానీగా ఉంటుంది. ఈసారి చీకట్లో తస్బీ మెరిసినప్పుడు పిల్లలు "రేడియం" అంటే, మాలీ గురించి, గ్రేస్ గురించి చెప్పండి. చెయ్యెత్తలేకపోయినా ఇన్సాఫ్ అడిగిన ఆడవాళ్ళు వాళ్ళు.